గేమింగ్‌కి వైరున్న హెడ్‌ఫోనా, వైర్‌లెస్ హెడ్‌సెట్టా? తేల్చుకునే పద్ధతి

హెడ్‌ఫోన్ కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది "దేంట్లో సౌండ్ బాగుంటుంది?" అని. అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. మీరు కూర్చునే గదిలో మోత ఎంత, హెడ్‌ఫోన్‌ని దేనికి తగిలిస్తారు, ఆడుతూ మాట్లాడతారా లేదా అన్న మూడూ తేలితే, మార్కెట్లో ఉన్నవాటిలో చాలావరకు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. మిగిలిన నాలుగైదింటిలో ఏది తెచ్చుకున్నా పెద్దగా నష్టం లేదు. ఈ వరస తిరగేసి, సౌండ్ ఒక్కటే చూసి కొన్న హెడ్‌ఫోన్లే నెల తిరక్కుండా అమ్మకానికి వస్తుంటాయి.

రెండిటి నిర్మాణంలో తేడా ఒకసారి చూడండి. ఆడియోఫైల్ హెడ్‌ఫోన్, అంటే కేవలం వినడానికే చేసిన వైరు రకం, దాంట్లో ఉండేవి రెండు డ్రైవర్లు (శబ్దం పుట్టించే భాగాలు), ఒక బ్యాండు, ఒక వైరు. అంతే. మైకు ఉండదు, బ్యాటరీ ఉండదు, సాఫ్ట్‌వేర్ ఉండదు. డిజిటల్ సిగ్నల్‌ని అనలాగ్‌గా మార్చే డ్యాక్, దాన్ని పెంచే యాంప్ బయట ఎక్కడో ఉంటాయి. వైర్‌లెస్ హెడ్‌సెట్‌లో డ్యాక్, యాంప్, రేడియో, బ్యాటరీ, మైకు అన్నీ చెవి కప్పుల్లోనే ఇరికించి ఉంటాయి. అందుకే ఒకే ధరలో చూస్తే, మొదటిదాంట్లో డబ్బంతా డ్రైవరు మీద, ఫ్రేము మీద పడుతుంది. రెండోదాంట్లో అదే డబ్బు ఐదారు వాటాలుగా చీలిపోతుంది. సౌండ్‌లో వినిపించే తేడాకి అసలు కారణం ఇదీ. వైరు తీసేసినంత మాత్రాన సౌండ్ పాడైపోదు.

మొదటి పని: గది మోత కొలవండి

ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ ఒకటి వేసుకోండి. కచ్చితమైన పరికరం కాకపోయినా మన అవసరానికి సరిపోతుంది. ఫ్యాన్, ఏసీ, కంప్యూటర్ అన్నీ మీరు ఆడే సమయంలో ఎలా ఉంటాయో అలాగే ఆన్ చేయండి. కంప్యూటర్ ఊరికే ఉంటే లాభం లేదు, బరువైన గేమ్ ఒకటి పది నిమిషాలు నడవనివ్వండి, అప్పుడే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు పూర్తి వేగం అందుకుంటాయి. కుర్చీలో కూర్చుని, ఫోన్‌ని చెవి పక్కన ఒక నిమిషం పట్టుకుని సగటు చూడండి.

40 డెసిబెల్‌కి అటూఇటూగా ఉంటే వెనక తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్లు మీకు హాయిగా పనికొస్తాయి. 50 దాటితే వాటి జోలికి పోకండి. ఓపెన్ బ్యాక్ అంటే కప్పుకి జాలీ తప్ప గోడ లేదు. ఫ్యాన్ మోత నేరుగా చెవిలో పడుతుంది. దూరంగా వినిపించే అడుగుల చప్పుడు ఆ మోతలో కలిసిపోతుంది, అది వినడానికి మీరు వాల్యూమ్ పెంచుతారు, దాంతో తుపాకీ మోతలు చెవులు బద్దలుకొడతాయి. ఇది సౌఖ్యానికి మించిన విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సురక్షిత పరిమితి 80 డెసిబెల్ దగ్గర వారానికి 40 గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెల్‌కీ ఆ సమయం సగమవుతుంది. 86 దగ్గర మీకు మిగిలేది వారానికి 10 గంటలే.

మోత లోపలికి వచ్చినట్టే మీ ఆట బయటికీ పోతుంది. అదే గదిలో ఎవరైనా నిద్రపోతుంటే ఓపెన్ బ్యాక్ చిన్న స్పీకర్‌తో సమానం. అలాంటిచోట క్లోజ్డ్ బ్యాక్ తప్ప దారిలేదు. వైర్‌లెస్ గేమింగ్ హెడ్‌సెట్లలో దాదాపు అన్నీ క్లోజ్డే. వైరున్న వాటిలో బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో, ఏకేజీ కె371 లాంటివి ఆ కోవలోవి.

కళ్లజోడు ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. జోడు కాడలు చెవి కుషన్‌ని పైకి లేపి సన్నటి సందు వదులుతాయి. క్లోజ్డ్ హెడ్‌ఫోన్‌లో ఆ సందులోంచి బేస్ కారిపోతుంది, గది మోత దూరుతుంది. తోలు లాంటి కుషన్ కంటే మెత్తటి ముఖమల్ కుషన్ కాడ చుట్టూ బాగా సర్దుకుంటుంది. ఇక నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్న హెడ్‌సెట్ల సంగతికొస్తే, ఏసీ హోరు, ఫ్యాన్ గుయ్‌మనే శబ్దం లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ మోతని అవి బాగా తగ్గిస్తాయి. పక్కగదిలో మాటల్ని అంతగా ఆపలేవు.

రెండో పని: దేనికి తగిలిస్తారో చూసుకోండి

పీసీ అయితే ఏదైనా నడుస్తుంది, ఈ భాగం దాటేయండి. చిక్కంతా కన్సోళ్లతోనే.

పీఎస్5 బ్లూటూత్ హెడ్‌ఫోన్లని నేరుగా తీసుకోదు. యూఎస్‌బీ డాంగిల్‌తో (పోర్టులో గుచ్చే చిన్న రేడియో ముక్క) వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ హెడ్‌సెట్ కావాలి, లేదా డ్యుయల్‌సెన్స్ కంట్రోలర్‌కున్న 3.5 మిల్లీమీటర్ల రంధ్రంలో వైరు పెట్టుకోవాలి. బయటి డ్యాక్ తగిలించాలనుకుంటే అది యూఏసీ 1 అనే పాత యూఎస్‌బీ ఆడియో పద్ధతిలో పనిచేసేదై ఉండాలి. కొన్ని డ్యాక్‌లలో దీనికి విడిగా మీట ఉంటుంది. అది లేని డ్యాక్ పీసీలో దివ్యంగా పాడి, పీఎస్5లో నోరు మెదపదు.

ఎక్స్‌బాక్స్ ఇంకా కచ్చితం. బ్లూటూత్ ఆడియో లేదు, పీసీ కోసం చేసిన మామూలు డాంగిల్ కూడా పనికిరాదు. పెట్టె మీద ఎక్స్‌బాక్స్ అని ప్రత్యేకంగా రాసి ఉన్న మోడలే తీసుకోవాలి. ఒకే పేరున్న హెడ్‌సెట్‌కి పీసీ రకం, ప్లేస్టేషన్ రకం, ఎక్స్‌బాక్స్ రకం అని వేర్వేరుగా అమ్ముతుంటారు. చివర ఉండే ఒక్క అక్షరమే తేడా. చాలామంది బోల్తా పడేది అక్కడే. నింటెండో స్విచ్‌కి 2021 సెప్టెంబర్ అప్‌డేట్‌తో బ్లూటూత్ ఆడియో వచ్చింది కానీ బ్లూటూత్ మైకు రాలేదు.

కంట్రోలర్‌కి హెడ్‌ఫోన్ తగిలించి "నాది వైరు కనెక్షన్, డిలే లేదు" అనుకునేవాళ్లున్నారు. కంట్రోలర్ దాకా సౌండ్ వచ్చేది రేడియోలోనే, వైరు ఉన్నది ఆఖరి మీటరు మాత్రమే. పైగా కంట్రోలర్‌లో ఉన్న యాంప్ చాలా చిన్నది. 250 ఓమ్‌ల (కరెంటుకి హెడ్‌ఫోన్ ఇచ్చే అడ్డుకి కొలత) హెడ్‌ఫోన్ దానికి తగిలిస్తే వాల్యూమ్ నిండుగా పెట్టినా గుసగుసలాడినట్టే ఉంటుంది. కంట్రోలర్‌కి వాడేట్టయితే ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ9500 లాంటి 32 ఓమ్‌ల రకాలకే పరిమితం కండి.

మూడో పని: డిలే గురించి భయమా? కొలిచి చూడండి

వైర్‌లెస్ అనగానే బ్లూటూత్‌నీ, 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌నీ ఒకే గాటన కట్టేస్తారు. రెండిటికీ పోలికే లేదు. సౌండ్‌ని కుదించి పంపే మామూలు ఎస్‌బీసీ కోడెక్‌తో బ్లూటూత్ డిలే 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా పోతుంది. ట్రిగ్గర్ నొక్కాక తుపాకీ మోగడం ఆలస్యమైందని చిన్నపిల్లలు కూడా చెప్పేయగలరు. డాంగిల్‌తో పనిచేసే మంచి హెడ్‌సెట్లలో అది 20 నుంచి 40 మిల్లీసెకన్ల మధ్య ఉంటుంది.

30 మిల్లీసెకన్లంటే ఎంత? శబ్దం గాలిలో సెకనుకి 343 మీటర్లు పోతుంది. అంటే 30 మిల్లీసెకన్లలో సుమారు 10 మీటర్లు. మీకు పది మీటర్ల దూరంలో ఎవరైనా చప్పట్లు కొడితే ఆ చప్పుడు మీ చెవిని చేరడానికి పట్టే సమయమే అది. షూటింగ్ ఆటల్లో దీనివల్ల ఓడిపోయేవాళ్లు అరుదు. తాళానికి తగ్గట్టు బటన్ నొక్కే రిథమ్ ఆటలు మాత్రం వేరు, అక్కడ 30 కూడా చేతికి తెలుస్తుంది. అవి ముఖ్యమైతే వైరే తీసుకోండి, ఇక ఆలోచించొద్దు.

పెట్టె మీది అంకెని నమ్మకుండా ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి మౌస్ పక్కనే పెట్టండి. హెడ్‌సెట్ ఒక కప్పుని తిప్పి, ఫోన్ మైకుకి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. ఆటలో ట్రెయినింగ్ మ్యాప్‌లోకి వెళ్లి పిస్టల్‌తో సెకనుకొకటి చొప్పున 10 గుళ్లు పేల్చండి. ఆ రికార్డింగ్‌ని ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటర్‌లో తెరిచి బాగా జూమ్ చేస్తే ప్రతిసారీ రెండు ముళ్లు కనిపిస్తాయి. ముందుది మౌస్ టిక్కుమన్న చప్పుడు, వెనకది తుపాకీ మోత. రెండిటి మధ్య ఎడం పదిసార్లూ కొలిచి సగటు కట్టండి. తర్వాత ఏదైనా వైరు ఇయర్‌ఫోన్ పెట్టి ఇదే మళ్లీ చేయండి. ఉదాహరణకి వైరుతో 70, వైర్‌లెస్‌తో 105 వచ్చాయనుకుందాం. ఆ 70 మీ ఆటది, మీ కంప్యూటర్‌ది. రేడియో కలిపింది 35 మాత్రమే. చాలామందికి ఇక్కడ కళ్లు తెరుచుకుంటాయి, డిలేలో పెద్ద వాటా హెడ్‌సెట్‌ది కాదు.

బ్లూటూత్‌కి ఇంకో రోగం ఉంది. మైకు ఆన్ చేయగానే పాత పద్ధతి బ్లూటూత్ కాల్ మోడ్‌లోకి దిగిపోతుంది. స్టీరియో పోయి మోనో అవుతుంది, శాంపిల్ రేటు 16 లేదా 8 కిలోహెర్ట్జ్‌కి పడిపోతుంది, ఆటంతా పాత ల్యాండ్‌లైన్‌లో విన్నట్టు మారిపోతుంది. "హెడ్‌ఫోన్ పాడైంది, డిస్కార్డ్ వాయిస్ యాప్ తెరిస్తే సౌండ్ చచ్చిపోతోంది" అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. పాడైందేమీ లేదు. బ్లూటూత్‌లోనే ఉండక తప్పకపోతే పీసీలో మైకుగా వేరేదాన్ని ఎంచుకోండి, స్టీరియో తిరిగొస్తుంది.

నాలుగో పని: వైరున్నది ఎంచుకుంటే, దాన్ని నడిపే బలం ఉందో లేదో లెక్కగట్టండి

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, డబ్బు అనవసరంగా కారిపోయేది ఇక్కడే. రెండు అంకెలు కావాలి: ఇంపిడెన్స్, అంటే ఓమ్‌లు, సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన బలానికి ఎంత బిగ్గరగా పలుకుతుందో చెప్పే డెసిబెల్‌లు. సెన్సిటివిటీని కొందరు ఒక మిల్లీవాట్‌కి ఇస్తారు, కొందరు ఒక వోల్టుకి ఇస్తారు. రెండూ డెసిబెలే కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చేస్తే లెక్క తప్పుతుంది. మిల్లీవాట్ అంకెని వోల్టు అంకెగా మార్చాలంటే 32 ఓమ్‌లకి 15, 80 ఓమ్‌లకి 11, 120 ఓమ్‌లకి 9, 250 ఓమ్‌లకి 6, 300 ఓమ్‌లకి 5 కలపండి.

ఒక వోల్టుకి వచ్చే డెసిబెల్ తెలిశాక 110 లోంచి దాన్ని తీసేయండి. అంత బిగ్గరగా వినమని కాదు. పేలుళ్ల లాంటి క్షణికమైన శబ్దాలకీ, ఈక్వలైజర్‌కీ కొంత ఖాళీ ఉండాలి కదా, అందుకు. వచ్చిన తేడాలో ప్రతి 6 డెసిబెల్‌కీ వోల్టేజి రెట్టింపు కావాలి.

చేసి చూద్దాం. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో, 250 ఓమ్‌ల రకం: మిల్లీవాట్‌కి 96. దానికి 6 కలిపితే వోల్టుకి 102. ఇంకా 8 కావాలి, అంటే 2.5 వోల్టులు. ఫోన్‌కి హెడ్‌ఫోన్ తగిలించే చిన్న డాంగిల్ చాలదు, డెస్క్ మీద పెట్టుకునే చిన్న యాంప్ కావాలి. అదే సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్: 120 ఓమ్‌లు, వోల్టుకే 110. ఒక్క వోల్టు ఇవ్వగలిగే దేంతోనైనా నడుస్తుంది. ఆ 250 ఓమ్‌ల పక్కన 120 పెద్దగా తేలికేమీ కాదనిపిస్తుంది గానీ, లెక్క చూస్తే ఎంత తేడానో చూశారుగా.

ఓమ్‌లు తక్కువైతే తేలికని కూడా అనుకోకండి. 32 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 91 డెసిబెల్ అని రాసుండే ప్లేనార్ (పలచటి పొర డ్రైవరుగా ఉండే) హెడ్‌ఫోన్ ఒకటి తీసుకోండి. 91కి 15 కలిపితే 106, ఇంకా 4 తక్కువ, 1.6 వోల్టులు కావాలి. వోల్టులు తక్కువే, కానీ 32 ఓమ్‌లలోంచి 1.6 వోల్టులు పోవాలంటే 50 మిల్లీఆంపియర్ల కరెంటు ఇవ్వాలి. కంట్రోలర్లు, చిన్న డాంగిళ్లు తడబడేది ఈ కరెంటు దగ్గరే.

యాంప్ అనగానే ఇటుకరాయంత పెట్టె కొనాలని లేదు. ఆపిల్ అమ్మే యూఎస్‌బీ-సీ నుంచి 3.5 మిల్లీమీటర్ల డాంగిల్ పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టుంటుంది. ఒక వోల్టు ఇస్తుంది, ఔట్‌పుట్ ఇంపిడెన్స్ ఒక ఓమ్ దగ్గర్లోనే ఉంటుంది. యూరప్‌లో అమ్మే రకం మాత్రం అర వోల్టే. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది మరీ చిన్నగా పలుకుతుంది, అది డాంగిల్ వాల్యూమ్‌ని ఫోన్ పూర్తిగా పెంచకపోవడం వల్ల. పీసీలో ఆ ఇబ్బంది లేదు.

ఔట్‌పుట్ ఇంపిడెన్స్ అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తాను. అంటే హెడ్‌ఫోన్‌ని నడిపే పరికరం లోపలి ఓమ్‌లు, అవి హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు మించకూడదు. 50 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌ని 75 ఓమ్‌లున్న మదర్‌బోర్డు రంధ్రంలో పెడితే బేస్ ఉబ్బి బురద బురదగా వినిపిస్తుంది. హెడ్‌ఫోన్ మంచిదే, తగిలించిన చోటు మంచిది కాదు. కేబినెట్ ముందున్న రంధ్రంలో చిటచిట, గుయ్‌మనే శబ్దం వస్తుంటే వెనక రంధ్రానికి మార్చండి. మౌస్ కదిపినప్పుడల్లా గీరినట్టు వినిపిస్తే బయటి యూఎస్‌బీ డ్యాక్‌తో సాధారణంగా పోతుంది.

ఐదో పని: మైకు

జట్టుగా ఆడేవాళ్లకి ఇదే నిర్ణయం మార్చేసే విషయం, అయినా అందరూ దీన్ని ఆఖర్న తలచుకుంటారు. ఆడియోఫైల్ హెడ్‌ఫోన్‌కి మైకు పెట్టుకోవడానికి మూడు దారులున్నాయి.

హెడ్‌ఫోన్ వైరు ఊడదీసే వీలుండి, కప్పు మీద 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే వీ-మోడా బూమ్‌ప్రో లాంటి మైకున్న వైరు పెట్టుకోవచ్చు. ఒకే వైరు, చిక్కులుండవు. ఎస్‌హెచ్‌పీ9500కి ఇది బాగా నప్పుతుంది. డీటీ 990 ప్రోకి వైరు కప్పులోకే అతికి ఉంటుంది కాబట్టి ఆ ఆశ వదులుకోండి. కొన్ని హెడ్‌ఫోన్లలో రంధ్రం లోతుగా, ఇరుగ్గా ఉండి ప్లగ్ పూర్తిగా దిగదు. అప్పుడు జరిగేది విచిత్రంగా ఉంటుంది: పేలుళ్లు, సంగీతం ఏదో బోలుగా వినిపిస్తాయి, పాత్రల మాటలు మాత్రం మాయమైపోతాయి. రెండు వైపులకీ ఉమ్మడిగా ఉండే గ్రౌండ్ తీగ తగలనప్పుడు ఎడమ, కుడి సిగ్నళ్ల మధ్య తేడా ఒక్కటే మిగులుతుంది. మాటలు రెండు వైపులా సమానంగా ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ప్లగ్ ఇంకో మిల్లీమీటరు లోపలికి నొక్కి చూడండి, మాటలు తిరిగొస్తే దొంగ దొరికినట్టే.

రెండోది మోడ్‌మైక్ లాంటి అతికించే మైకు. చిన్న అయస్కాంతం కప్పు మీద అంటించాలి. జాలీ మీద అంటుకోదు, అంచున ఉన్న ప్లాస్టిక్ మీద పెట్టండి, ముందు ఆ చోటు స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. మూడోది టేబుల్ మీది యూఎస్‌బీ మైకు. గొంతు అన్నిటికంటే బాగా వినిపించేది ఇందులోనే, అయితే కీబోర్డు టకటకలు కూడా అంతే బాగా వినిపిస్తాయి. నోటికి ఒక జానెడు దూరంలో పెట్టి గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మోతాదు) తగ్గించండి. దూరంగా పెట్టి గెయిన్ పెంచడం తప్పు.

మూడు గీతలతో నాలుగు భాగాలుగా ఉండే ప్లగ్ ఉన్న మైకు వైరుని పీసీ వెనక ఆకుపచ్చ రంధ్రంలో పెడితే సౌండ్ వస్తుంది, మైకు రాదు. దానికి రెండు ప్లగ్‌లుగా చీల్చే వై-స్ప్లిటర్ కావాలి. అది పెట్టాక కూడా మీ జట్టువాళ్లు "మా గొంతులు మాకే తిరిగి వినిపిస్తున్నాయి" అన్నారంటే, మైకూ హెడ్‌ఫోనూ ఒకే గ్రౌండ్ తీగని పంచుకోవడం వల్ల ఆట సౌండ్ మైకులోకి కారుతోందన్నమాట. సాఫ్ట్‌వేర్‌లో ఎంత వెతికినా దొరకదు. మైకుని విడి యూఎస్‌బీకి మార్చడమే మందు. ఓపెన్ బ్యాక్‌లో అయితే గాలిలోంచి కూడా కారుతుంది, డిస్కార్డ్‌లో ఇన్‌పుట్ పరిమితిని చేత్తో కాస్త పైకి జరిపితే అదుపులోకొస్తుంది.

వైర్‌లెస్ హెడ్‌సెట్‌లో ఈ తంటాలేవీ లేవు. తగిలిస్తే మాట్లాడొచ్చు. గొంతు కాస్త ముక్కుతో మాట్లాడినట్టు, పలచగా ఉంటుంది. రేడియోలో మైకుకి దక్కే చోటు తక్కువ. జట్టుతో మాట్లాడుకోవడానికి అది చాలు, స్ట్రీమింగ్ చేసేవాళ్లకి చాలదు. సైడ్‌టోన్, అంటే మీ గొంతు మీకే కొద్దిగా వినిపించే సదుపాయం ఉందో లేదో చూడండి. క్లోజ్డ్ కప్పుల్లో అది లేకపోతే తెలియకుండానే అరిచేస్తుంటారు.

వైర్‌లెస్ తీసుకునేవాళ్లు అదనంగా చూడాల్సినవి

బ్యాటరీ ఎన్ని గంటలన్న అంకెలు ఒకదాన్ని మించి ఒకటి ఉంటాయి. హైపర్‌ఎక్స్ క్లౌడ్ ఆల్ఫా వైర్‌లెస్ 300 గంటలంటుంది, లాజిటెక్ జీ ప్రో ఎక్స్ 2 50 గంటలంటుంది. రోజూ ఆడేవాళ్లకి 30 దాటితే చాలు. అంతకంటే ముఖ్యం బ్యాటరీ చచ్చాక ఏమవుతుందన్నది. లిథియం బ్యాటరీ కొన్ని వందల ఛార్జీల తర్వాత అరుగుతుంది. గంటలు ఎక్కువిచ్చే హెడ్‌సెట్‌ని తక్కువసార్లు ఛార్జ్ చేస్తారు కాబట్టి అది ఎక్కువ ఏళ్లు నిలుస్తుంది, 300 గంటల అంకెకి అసలు విలువ అక్కడుంది. స్టీల్‌సిరీస్ ఆర్క్టిస్ నోవా ప్రో వైర్‌లెస్‌లో బ్యాటరీ చేత్తోనే మార్చుకోవచ్చు. చాలావాటిల్లో స్క్రూలు విప్పాలి, కొన్నింటిలో అదీ కుదరదు. 3.5 మిల్లీమీటర్ల వైరుతో, బ్యాటరీ లేకుండానే పలుకుతుందా అన్నది కొనేముందు కచ్చితంగా చూసుకోండి. డాంగిల్ విడిగా అమ్ముతారా అన్నది కూడా. గోరంత డాంగిల్ పోతే హెడ్‌సెట్ మొత్తం మూలనపడుతుంది.

సౌండ్ తెగి తెగి వస్తుంటే ముందు డాంగిల్ ఉన్న చోటు చూడండి. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వైర్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయి. ఇంటెల్ 2012లోనే దీని మీద పత్రం వెలువరించింది. డాంగిల్‌ని కంప్యూటర్ వెనక, బయటి హార్డ్ డిస్క్ పక్కన గుచ్చితే ఆ రొద మధ్యలో కూర్చోబెట్టినట్టే. మీటరు పొడవున్న యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ వైరుతో దాన్ని టేబుల్ మీదికి, తలకి ఎదురుగా తీసుకురండి. వైఫై రూటర్ దగ్గర్లోనే ఉంటే ఇంట్లో పరికరాల్ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. ఈ రెండిటితో చాలా ఫిర్యాదులు తీరిపోతాయి.

ఆరో పని: తల మీద పెట్టి అరగంట ఉండండి

హెచ్‌డీ 560ఎస్ బరువు 240 గ్రాములు. బ్యాటరీ మోసే వైర్‌లెస్ హెడ్‌సెట్లు మామూలుగా 300 నుంచి 350 గ్రాములుంటాయి. ప్లేనార్ డ్రైవర్లున్న ఆడీజీ మాక్స్‌వెల్ 490. ఐదు నిమిషాల్లో తేడా తెలీదు, రెండు గంటలకి మెడకి తెలుస్తుంది. అరగంటకి నడినెత్తిన ఒక్కచోటే నొప్పి మొదలైతే బరువు బ్యాండు మీద సరిగ్గా పరుచుకోవడం లేదు, అది అలవాటయ్యేది కాదు, తిరిగిచ్చేయండి. చెంపల దగ్గర బిగుతైతే దారి ఉంది: హెడ్‌ఫోన్‌ని దాని పెట్టెకే తొడిగి ఒక రాత్రి వదిలేస్తే కాస్త సాగుతుంది. చెవి కొస లోపలి డ్రైవరుకి తగులుతోందా చూడండి, తగిలితే గంటలో మంటపుడుతుంది. కుషన్లు ఏడాది రెండేళ్లకి అణిగిపోతాయి, అవి విడిగా దొరుకుతాయో లేదో ముందే వెతకండి. కుషన్ అణిగితే సౌండ్ కూడా మారుతుంది.

ఇప్పుడు సౌండ్

నిశ్శబ్దమైన గది, పీసీ, విడి మైకు పెట్టుకునే ఓపిక ఉంటే వైరున్న ఓపెన్ బ్యాక్ తీసుకోండి, ఆ ధరలో దాన్ని మించే వైర్‌లెస్ దొరకడం కష్టం. మోత ఉన్న గదిలో పీసీ అయితే వైరున్న క్లోజ్డ్. సోఫాలోంచి టీవీకి ఎదురుగా కన్సోల్, రోజూ జట్టుతో మాటలు అయితే వైర్‌లెస్సే. అక్కడ ఆడియోఫైల్ హెడ్‌ఫోన్ పెట్టడం వైర్లతో కుస్తీ పట్టడమే.

"ఓపెన్ బ్యాక్‌లో శత్రువు ఎక్కడున్నాడో బాగా తెలుస్తుంది" అనే మాటలో సగమే నిజం. అది సౌండ్‌ని విశాలంగా, తలబయట ఉన్నట్టు వినిపిస్తుంది. ముందా వెనకా, పైనా కిందా అన్నది చెప్పేది హెడ్‌ఫోన్ కాదు, ఆటలో ఉండే హెచ్‌ఆర్‌టీఎఫ్ లెక్క, అంటే ఏ దిక్కు శబ్దం రెండు చెవులకీ ఎలా చేరుతుందో కట్టే లెక్క. కౌంటర్ స్ట్రైక్ 2, వాలరెంట్ లాంటివాటిలో అది లోపలే ఉంది. దాని మీద హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లోని వర్చువల్ 7.1 (చుట్టూ స్పీకర్లున్నట్టు భ్రమ కలిగించేది) కూడా ఆన్ చేస్తే కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. రెండుసార్లు లెక్కేసిన సౌండ్ బాత్రూంలోంచి వచ్చినట్టుంటుంది, దిక్కు చెదిరిపోతుంది. ఏదో ఒకటే ఉంచండి, ఆటలో ఉన్నదుంటే అదే. 7.1 అని పెట్టె మీద పెద్దక్షరాలతో రాసుంటే దానికి ఒక్క రూపాయి కూడా ఎక్కువివ్వక్కర్లేదు, లోపల ఉన్నవి సాధారణంగా రెండు డ్రైవర్లే.

విండోస్‌లో రెండు మార్పులు. పాత సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో కమ్యూనికేషన్స్ అనే ట్యాబ్ ఉంటుంది, అందులో "ఏమీ చేయొద్దు" అన్నది ఎంచుకోండి. లేకపోతే ఎవరైనా కాల్‌లో మాట్లాడినప్పుడల్లా ఆట సౌండ్ 80 శాతం తగ్గిపోతుంది. తర్వాత ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకోండి. డీటీ 990 ప్రో లాంటి హెడ్‌ఫోన్లలో 8 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దం సూదిలా గుచ్చుతుంది, అక్కడ 4 నుంచి 6 డెసిబెల్ తగ్గిస్తే గంటల తరబడి ఆడొచ్చు. ఆ ఈక్వలైజర్‌లో ఏ ఫ్రీక్వెన్సీనైనా పెంచితే, ఎంత పెంచారో అంత ప్రీయాంప్‌లో, అంటే దాని మొత్తం వాల్యూమ్‌లో, తగ్గించండి. అది మర్చిపోతే పేలుళ్ల దగ్గర సౌండ్ చిరిగిపోతుంది, జనం తప్పు డ్రైవరు మీదికి తోసేస్తారు.

తిరిగిచ్చే గడువులోపే చేయాల్సినవి

తెచ్చిన మొదటి రోజే 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పెరిగే టోన్ ఒకటి మధ్యస్థ వాల్యూమ్‌లో వినండి. ఒక కప్పులో మాత్రం బుర్రుమంటే డ్రైవరు మీద వెంట్రుకో, పగులో ఉంది. తర్వాత మోనోలో మాటల రికార్డింగ్ పెట్టండి, గొంతు సరిగ్గా నుదుటి మధ్యలో ఉండాలి. పక్కకి జరిగితే హెడ్‌ఫోన్‌ని తిరగేసి తొడగండి. గొంతు కూడా అటు నుంచి ఇటు మారితే లోపం హెడ్‌ఫోన్‌ది లేదా దాన్ని నడిపే పరికరానిది, మారకపోతే మీ చెవులది. వైర్‌లెస్ అయితే ఏమీ ప్లే చేయకుండా నిశ్శబ్దంలో ఒక నిమిషం ఉండి బుస్సుమనే శబ్దం ఎంతుందో గమనించండి, ఆ తర్వాత ఇల్లంతా తిరిగి ఎక్కడ తెగుతోందో చూడండి. మైకుతో ఒక నిమిషం మాట్లాడి రికార్డు చేసి, దాన్ని ఆ హెడ్‌సెట్‌లో కాకుండా వేరే స్పీకర్లో వినండి. పెట్టె, డాంగిల్ కవరు, వైర్లు కట్టిన తాళ్లు గడువు అయ్యేదాకా పారేయకండి.